స్విచ్ ఆపినా బల్బు ఎందుకు మినుకుతోంది? డెల్టా ఇళ్ల వైరింగ్‌లో కంటికి కనపడని లోపాలు

సారాంశం: బల్బు వెలిగినంత మాత్రాన, ఫ్యాను తిరిగినంత మాత్రాన వైరింగ్ సరిగ్గా ఉన్నట్టు కాదు. స్విచ్ ఏ తీగను తెంచుతోంది, సాకెట్ పై రంధ్రం వెనుక, లీకైన కరెంటును నేలలోకి పంపే ఎర్త్ తీగ నిజంగా ఉందా, స్క్రూ కింద రాగి గట్టిగా బిగిసిందా అన్నవి ముందు చూడాలి. చెమ్మ, ఉప్పుగాలి, వరద కలిసివచ్చే గోదావరి డెల్టాలో ఈ మూడింటిలో ఏది లోపించినా త్వరగా ప్రమాదానికి దారితీస్తుంది. ఎర్త్ లీకేజీని పసిగట్టి కరెంటును తెంచే ఆర్‌సీసీబీ ఇక్కడి ప్రతి ఇంటికీ అవసరం.

ఎల్ఈడీ బల్బులు ఇంటింటికీ వచ్చాక ఎలక్ట్రీషియన్లకు తరచూ ఎదురవుతున్న ప్రశ్న ఒకటుంది. రాత్రి స్విచ్ ఆపేసినా బల్బు పూర్తిగా ఆరదు. చీకట్లో మసకగా వెలుగుతూనే ఉంటుంది, లేదా కొన్ని క్షణాలకోసారి మినుక్కుమంటుంది. బల్బు నాసిరకమనుకుని మార్చి చూస్తారు. కొత్తదీ అంతే. కొందరు స్విచ్ కూడా మార్పిస్తారు. అయినా మినుకు పోదు.

దీనికి ప్రధానంగా మూడు కారణాలు. మొదటిది, స్విచ్‌లోనే చిన్న ఇండికేటర్ దీపం ఉండడం. స్విచ్ ఆపినప్పుడు ఆ దీపం గుండా అతి స్వల్పమైన కరెంటు బల్బుకు చేరుతూ ఉంటుంది. రెండోది, ఒకే పైపులో పక్కపక్కనే పోయే తీగలు. అవి ఒకదానికొకటి తాకకపోయినా, ఏసీ కరెంటు స్వభావం వల్ల ఒక తీగలోని వోల్టేజీ రెండో దానిలో కొద్దిపాటి కరెంటును పుట్టిస్తుంది. పైపు పొడవైనదైతే, లోపల చెమ్మ చేరితే ఇది పెరుగుతుంది. ఈ రెండూ చికాకు పెడతాయే తప్ప ప్రాణం మీదికి తేవు. మూడోదానితోనే భయం. స్విచ్‌ను కరెంటు తెచ్చే ఫేజు తీగలో కాకుండా, దాన్ని తిరిగి తీసుకెళ్లే న్యూట్రల్ తీగలో బిగించి ఉంటారు. అప్పుడు స్విచ్ ఆపినా హోల్డర్‌లో 230 వోల్టులు అలాగే నిలిచి ఉంటాయి. బల్బు నుంచి చెమ్మ పట్టిన గోడకో, శ్లాబుకో లీకయ్యే కాస్త కరెంటుతోనే ఎల్ఈడీ లోపల కరెంటును కాసేపు దాచుకునే కెపాసిటర్ మెల్లగా నిండుతుంది. నిండగానే ఒక్కసారి వెలిగి ఖాళీ అవుతుంది. మళ్లీ నిండుతుంది.

పాత ఫిలమెంట్ బల్బుతో ఈ గుట్టు బయటపడేది కాదు. 60 వాట్ల బల్బు వెలగాలంటే పావు ఆంపియరు కరెంటు కావాలి. మైక్రో ఆంపియర్లు దాని తీగను వెచ్చబరచను కూడా లేవు. కాబట్టి ఇల్లు కట్టిన నాటి తప్పు దశాబ్దాల పాటు గోడలోనే దాగి ఉండగలిగింది. మినుకు కనిపిస్తే బల్బు మార్చి ఊరుకోకుండా, స్విచ్ విప్పించి దానిలోకి వస్తున్న తీగ ఫేజో న్యూట్రలో చూపించమనాలి. తెలిసిన చేతికి అది నిమిషాల పని.

స్విచ్ ఏ తీగను తెంచాలి?

స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరులో మామూలు ఇంటికి రెండు తీగలు వస్తాయి: ఫేజు, న్యూట్రల్. మూడోదైన ఎర్త్ ఇంటి ఆవరణలోని గుంత నుంచి మొదలవుతుంది. న్యూట్రల్‌ను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నేలకు కలుపుతారు. అందువల్ల నేల మీద నిలబడిన మనిషికీ న్యూట్రల్‌కూ మధ్య వోల్టేజీ తేడా దాదాపు ఉండదు. ఫేజుకూ నేలకూ మధ్య మాత్రం 230 వోల్టులు ఉంటాయి.

రెండింటిలో ఏ తీగను తెంచినా దీపం ఆరుతుంది. గదిలో కూర్చున్న వారికి తేడా తెలియదు. బల్బు మార్చడానికి స్టూలెక్కి హోల్డర్‌లో వేలు తగిలించుకున్న మనిషికి తెలుస్తుంది. స్విచ్ ఆపేశాననే ధైర్యంతోనే అతను చేయి పెట్టి ఉంటాడు కాబట్టి ఈ తప్పు మరీ దారుణమైనది.

సరిగ్గా కట్టిన బోర్డును విప్పి చూస్తే లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. ఫేజుకు వాడే ఎర్ర తీగ ఒక స్విచ్ నుంచి పక్క స్విచ్‌కు లూపుగా సాగుతుంది. ప్రతి స్విచ్ రెండో టెర్మినల్ నుంచి ఒక తీగ దాని దీపానికో ఫ్యానుకో వెళ్తుంది. న్యూట్రల్‌కు వాడే నల్ల తీగ ఏ స్విచ్‌నూ తాకకుండా దీపాలకు, సాకెట్లకు నేరుగా పోతుంది. ఎర్త్‌కు వాడే ఆకుపచ్చ తీగ సాకెట్ల పై పిన్నుకు చేరుతుంది. అయితే రంగును చూసి నమ్మడానికి లేదు. ఎర్ర చుట్ట అయిపోతే మిగిలిన నల్ల చుట్టతో ఫేజు లాగేయడం, మధ్యలో వేరే రంగు అతికించడం మన ఇళ్లలో అరుదేమీ కాదు.

మెట్ల దగ్గర పైనా కిందా రెండు స్విచ్‌లతో నడిచే దీపంలో ఇదే తప్పు మరో రూపంలో వస్తుంది. సరైన పద్ధతిలో ఫేజు కింది స్విచ్ నడిమి టెర్మినల్‌కు వస్తుంది. అక్కడి నుంచి రెండు తీగలు పై స్విచ్‌కు పోతాయి. పై స్విచ్ నడిమి టెర్మినల్ నుంచి దీపానికి తీగ వెళ్తుంది. తీగ ఆదా చేద్దామని కొందరు ఫేజును, న్యూట్రల్‌ను రెండింటినీ ప్రతి స్విచ్‌లోకి తెచ్చి కలుపుతారు. దీపం బాగానే పనిచేస్తుంది. కానీ ఆరినప్పుడు కూడా ఒక్కోసారి హోల్డర్ రెండు కొసలూ ఫేజులోనే ఉంటాయి. పైగా బొటనవేలంత స్విచ్ లోపల ఫేజు, న్యూట్రల్ ఎదురెదురుగా ఉంటాయి. చెమ్మో చీమలో చేరితే అక్కడే షార్టవుతుంది.

చేతిలోని నియాన్ టెస్టర్‌కూ పరిమితులున్నాయి. న్యూట్రల్ ఎక్కడో తెగి, ఏదో ఒక పరికరం ఆన్‌లో ఉంటే సాకెట్ రెండు రంధ్రాల్లోనూ టెస్టర్ వెలుగుతుంది. పొడి చెక్క బల్ల మీద, మందపాటి రబ్బరు చెప్పులతో నిలబడితే ఫేజులో కూడా సరిగా వెలగకపోవచ్చు. అందుకే కరెంటు ఉందని ఖాయంగా తెలిసిన చోట టెస్టర్‌ను ముందు పరీక్షించాలి, ఆ తర్వాతే అది లేదన్న మాటను నమ్మాలి.

సాకెట్‌లోని మూడు రంధ్రాలు

భారతీయ ప్రమాణం ఐఎస్ 1293 ప్రకారం ఇళ్లలో వాడే సాకెట్లు 6 ఆంపియర్లవి, 16 ఆంపియర్లవి. ముందు నుంచి చూస్తే పైన ఎర్త్, కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్ ఉండాలి. బిగించేటప్పుడు మాత్రం సాకెట్‌ను వెనక్కి తిప్పి పట్టుకుంటారు, అప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. ఫేజు, న్యూట్రల్ అటూఇటూ కావడానికి ఇదొక మామూలు కారణం. టెర్మినళ్ల పక్కన ‘ఎల్’, ‘ఎన్’ గుర్తులుంటాయి. వాటిని చూసి బిగిస్తే తప్పు జరగదు.

ప్లగ్ టాప్‌లో ఎర్త్ పిన్ను మిగతా రెండింటికన్నా పొడవుగా, లావుగా ఉంటుంది. పెట్టేటప్పుడు ముందుగా ఎర్త్ కలుస్తుంది, తీసేటప్పుడు చివరగా విడిపోతుంది. అంటే పరికరానికి ఫేజు చేరే ప్రతి క్షణం దాని ఒంటికి ఎర్త్ రక్షణ ఉంటుంది. పిల్లల వేళ్లు దూరకుండా షట్టరు ఉన్న సాకెట్లలో ఆ షట్టరును తెరిచేదీ ఆ పిన్నే. దాన్ని విరిచేసి రెండు పిన్నులతో వాడితే ఈ ఏర్పాటంతా వృథా.

అసలు చిక్కు పై రంధ్రం వెనుకే. బయటికి మూడు రంధ్రాలు కనిపిస్తాయి, లోపల పై టెర్మినల్‌కు తీగే ఉండదు. ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే చేయి జివ్వుమనడం, వాషింగ్ మెషిన్‌ను తడి చేత్తో తాకితే షాకు తగలడం చాలావరకు దీని ఫలితమే. మోటారు, హీటరు ఉన్న ప్రతి పరికరంలోనూ కొద్దిపాటి లీకేజీ ఉంటుంది. ఎర్త్ ఉంటే అది నేలలోకి పోతుంది. లేకపోతే మనిషి కోసం ఎదురుచూస్తుంది.

జివ్వుమంటోందని చెబితే కొందరు చేసే ‘మరమ్మతు’ అసలు లోపం కన్నా ఘోరమైనది. సాకెట్ వెనుక ఎర్త్ టెర్మినల్‌కూ న్యూట్రల్ టెర్మినల్‌కూ చిన్న తీగ ముక్క వేసి కలిపేస్తారు. జివ్వుమనడం అప్పటికప్పుడే ఆగిపోతుంది, ఇంటివారు సంతోషిస్తారు. ఇక స్తంభం దగ్గరో, మీటరు దగ్గరో న్యూట్రల్ తెగిన రోజున ఏమవుతుందో చూడాలి. ఆన్‌లో ఉన్న బల్బు గుండానో ఫ్యాను గుండానో ఫేజు ఇంట్లోని న్యూట్రల్ తీగలోకి వస్తుంది. ఆ ముక్క గుండా ఫ్రిజ్ ఒళ్లంతా 230 వోల్టులు ఎక్కుతాయి. తుపాను గాలికి కొబ్బరి మట్టలు తీగల మీద పడే కోనసీమలో న్యూట్రల్ తెగడం ఊహకందని సంగతి కాదు. ఇలాంటి ముక్క ఏ సాకెట్ వెనుక కనిపించినా ఆ రోజే తీయించాలి.

వదులైన స్క్రూ, నల్లబడిన ప్లేటు

గీజరు సాకెట్ చుట్టూ ప్లాస్టిక్ పసుపు రంగుకు తిరగడం, ప్లగ్ తీస్తే పిన్ను కాలేంత వేడిగా ఉండడం, వంటింట్లో చేపలు కుళ్లినట్టు ఒక వాసన. సాధారణంగా ‘లోడు ఎక్కువైంది’ అంటారు. లోడు మామూలుగానే ఉండి, అతుకు చెడినప్పుడూ ఇదే జరుగుతుంది.

3 కిలోవాట్ల గీజరు సుమారు 13 ఆంపియర్లు తీసుకుంటుంది. తీగ స్క్రూ కింద గట్టిగా బిగిసి ఉంటే అక్కడి నిరోధం లెక్కలోకి రాదు. వదులై ఓములో పదో వంతు నిరోధం ఏర్పడిందనుకుందాం. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది: 13ను 13తో, దాన్ని 0.1తో గుణిస్తే దాదాపు 17 వాట్లు. వినడానికి తక్కువే. కానీ రేడియో మెకానిక్ చేతిలోని చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే, అది సీసాన్ని కరిగిస్తుంది. ఆ స్థాయి వేడి సాకెట్‌లోని ఒక్క స్క్రూ దగ్గర పేరుకుంటుంది. వేడికి ఇత్తడి మెత్తబడుతుంది, రాగి పైపొర నల్లబడుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది, వేడి మరింత ఎక్కువవుతుంది. ఇంత జరుగుతున్నా, కరెంటు హద్దు దాటితే దానంతటదే తెంచే స్విచ్ అయిన ఎంసీబీ పడదు. పోతున్నది 13 ఆంపియర్లే, దాని లెక్కలో అంతా సవ్యమే.

డెల్టాలో ఈ చక్రం వేగంగా తిరుగుతుంది. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వంటి తీర గ్రామాల్లో ఉప్పుగాలికి ఇత్తడి టెర్మినళ్ల మీద పచ్చటి చిలుము పడుతుంది. రొయ్యల చెరువుల మధ్య ఉన్న ఊళ్లలో గాలిలో తేమ తగ్గే రోజులు తక్కువ. కన్‌సీల్డ్ బాక్సు వెనుక గోడకు చెమ్మ పడితే స్క్రూలు తుప్పెక్కి, బిగించబోతే తల ఊడివస్తుంది.

బిగించే తీరులోనే సగం భద్రత ఉంది. తీగ తోలు తీసేటప్పుడు కత్తి రాగి పోగుల మీద పడితే కొన్ని తెగిపోతాయి, మిగిలినవే మొత్తం కరెంటును మోయాలి. తోలు తక్కువ తీస్తే స్క్రూ ప్లాస్టిక్ మీద బిగుస్తుంది. ఎక్కువ తీస్తే బయటికి వచ్చిన రాగి పక్క టెర్మినల్‌ను తాకే వీలుంది. పోగులను మెలిపెట్టి, అవసరమైతే కొసను మడిచి రంధ్రం నిండేలా చేసి, బిగించాక ఒకసారి లాగి చూడాలి. ఈ లాగి చూడడం ఒక్కటి అలవాటైతే కాలిన సాకెట్లు చాలా తగ్గుతాయి. ఒకే స్క్రూ కింద మూడు నాలుగు తీగలు కుక్కడం మంచిది కాదు. 6 ఆంపియర్ల సాకెట్‌కు మార్పిడి ప్లగ్ పెట్టి 2,000 వాట్ల ఇండక్షన్ పొయ్యి నడపడం అంతకన్నా చెడ్డది. ఆ పొయ్యి తీసుకునేది 8.7 ఆంపియర్లు.

తీగ మందానికీ ఎంసీబీకీ పొంతన ఉండాలి. దీపాలకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 6 లేదా 10 ఆంపియర్ల ఎంసీబీ. 16 ఆంపియర్ల సాకెట్లకు 2.5 తీగ, 16 ఆంపియర్ల ఎంసీబీ. ఏసీకి, పెద్ద గీజరుకు 4 తీగ వాడడం మంచి అలవాటు. ఎంసీబీ పదేపదే పడుతోందని దాని బదులు పెద్దది వేస్తే, ఇక కాలేది గోడలోని తీగే.

ఎంసీబీ పడుతుందిలే అన్న నమ్మకం

ఎర్త్ ఉంది, ఎంసీబీ ఉంది, ఇంకేం భయమని అనుకుంటారు. లెక్క చూస్తే ఆ ధైర్యం నిలవదు.

పెరట్లో నీటి మోటారు లోపల తీగ తోలు చెడి ఫేజు దాని ఒంటికి తగిలిందనుకుందాం. కరెంటు ఎర్త్ తీగ గుండా ఇంటి గుంతలోకి, అక్కడి నుంచి నేల గుండా ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్‌కు చేరాలి. ఇంటి ఎర్త్ నిరోధం 5 ఓములు, అటువైపు మరో 5 ఓములు అనుకుంటే మొత్తం 10. అంటే పోయే కరెంటు 23 ఆంపియర్లు. ఇళ్లలో ఎక్కువగా వాడే ‘సి’ రకం 16 ఆంపియర్ల ఎంసీబీ తక్షణం పడాలంటే కనీసం 80, ఒక్కోసారి 160 ఆంపియర్లు కావాలి. 23 ఆంపియర్లకు అది వేడెక్కి పడడానికి గంట దాకా పట్టవచ్చు. ఆ సేపంతా మోటారు ఒంటి మీద సుమారు 115 వోల్టులు ఉంటాయి. తడి నేల మీద ఒట్టి కాళ్లతో నిలబడిన మనిషి ఒంటి నిరోధం వెయ్యి ఓములకు పడిపోగలదు. అప్పుడు ఒంట్లో పోయే కరెంటు నూరు మిల్లీ ఆంపియర్లకు పైనే, గుండె లయ తప్పడానికి చాలినంత.

ఆర్‌సీసీబీ ఈ ఖాళీని పూడుస్తుంది. ఫేజులో పోయిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానమా కాదా అని అది ఎప్పుడూ సరిచూస్తూ ఉంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే సెకనులో మూడో వంతు లోపే తెంచేస్తుంది. దానికి 80 ఆంపియర్లు అక్కర్లేదు, గొప్ప ఎర్త్ కూడా అక్కర్లేదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 భద్రతా నిబంధనలు, వాటి స్థానంలో వచ్చిన 2023 నిబంధనలు నిర్ణీత లోడు దాటిన కనెక్షన్లకు ఇలాంటి లీకేజీ రక్షణ ఉండాలన్నాయి. లోడు ఎంతైనా డెల్టాలో దీన్ని పెట్టించుకోవడమే మేలు.

అది చేయలేనివీ ఉన్నాయి. ఒక చేయి ఫేజును, ఇంకో చేయి న్యూట్రల్‌ను పట్టుకుంటే అది గుర్తించలేదు. ఓవర్‌లోడునూ ఆపదు, కాబట్టి ఎంసీబీలు దాని పక్కన ఉండాల్సిందే. ఇక, పెట్టిన ఆర్‌సీసీబీ పదేపదే పడిపోతోందని తీయించేసేవాళ్లు ఉన్నారు. వానాకాలంలోనే పడుతోందంటే ఎక్కడో చెమ్మ చేరి నిజంగానే కరెంటు లీకవుతోంది. అన్ని కాలాల్లోనూ పడుతోందంటే రెండు సర్క్యూట్ల న్యూట్రళ్లు ఎక్కడో కలిసిపోయి ఉండవచ్చు. రెండు సందర్భాల్లోనూ వెతకాల్సింది వైరింగ్‌లో.

డెల్టా నేలలో ఎర్త్ గుంత

ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య ఉన్న ఒండ్రు నేలల్లో భూగర్భ జలం పైపైనే ఉంటుంది. కరెంటు నేలలోకి దిగడానికి తడి నేల అనుకూలం. రాళ్ల నేలతో పోలిస్తే ఇక్కడ తక్కువ శ్రమతోనే మంచి ఎర్త్ దొరుకుతుంది.

నిలబెట్టుకోవడమే కష్టం. సాధారణంగా వాడే జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపు సుమారు 40 మిల్లీమీటర్ల వ్యాసంతో, 2.5 మీటర్ల పొడవుతో ఉంటుంది. చౌడు నేలలో, ఉప్పునీటి చెరువుల పక్కన దాని జింకు పూత త్వరగా పోతుంది. పైపు కన్నా ముందు దెబ్బతినేది పైపుకు తీగను బిగించిన బోల్టు. గుంత మూత తీస్తే పైన అంతా బాగానే కనిపిస్తుంది, తీగ పట్టుకుని కదిపితే ఊడి చేతికొస్తుంది. బొగ్గు, ఉప్పు ఎంత ఎక్కువ వేస్తే అంత మంచిదన్న అలవాటు కూడా ఇక్కడ పునరాలోచించాల్సిందే. తీరానికి దగ్గర నేలలో ఉప్పు అప్పటికే ఉంది, ఇంకా వేస్తే పెరిగేది తుప్పే. రాగి పూత కడ్డీ వాడడం, అతుకును నేల పైన కనిపించేలా ఉంచడం, ఏటా వానలకు ముందు ఒకసారి విప్పి శుభ్రం చేసి బిగించడం ఉపయోగపడతాయి.

మెయిన్ ఆపినా చావని బోర్డు

కరెంటు పోతే ఇబ్బంది పడకుండా చాలా ఇళ్లలో ఇన్వర్టర్లు పెట్టుకున్నారు. దాంతో స్విచ్ బోర్డు స్వభావమే మారిపోయిందని చాలామంది గమనించలేదు. ఇప్పుడు ఒకే బోర్డులోకి రెండు ఫేజులు వస్తున్నాయి: ఒకటి మెయిన్ నుంచి, ఇంకొకటి ఇన్వర్టర్ నుంచి. మెయిన్ ఆపి సాకెట్ విప్పితే, పక్క స్విచ్‌లకు వెళ్లే తీగలో ఇన్వర్టర్ 230 వోల్టులను పంపుతూనే ఉంటుంది. మెయిన్ ఆపగానే అది ‘కరెంటు పోయింది’ అనుకుని పనిలోకి దిగుతుంది. మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపాకే, టెస్టర్‌తో ప్రతి టెర్మినల్‌నూ చూశాకే చేయి పెట్టాలి. ఇన్వర్టర్ తీగకు వేరే రంగు వాడి, బోర్డు మీద ఒక గుర్తు పెట్టిస్తే తర్వాత వచ్చే పనివాడి ప్రాణం కాపాడినట్టే.

1996 నవంబరు తుపాను వంటి విపత్తుల్లో రోజుల తరబడి కరెంటు ఉండదు. అలాంటప్పుడు చిన్న జనరేటరును రెండు చివరలా ప్లగ్ టాప్ బిగించిన వైరుతో ఇంటి సాకెట్‌లోకి కలిపే ప్రయత్నాలు జరుగుతాయి. ఇది ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడని పని. ఆ కరెంటు మెయిన్ గుండా బయటికి పోతే ట్రాన్స్‌ఫార్మర్ తలకిందులుగా పనిచేసి 230ని 11,000 వోల్టులుగా పెంచుతుంది. లైను చచ్చిందనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. జనరేటరుకు, ఒకసారికి లైనునో జనరేటరునో ఒక్కదాన్నే ఇంటికి కలిపే ఛేంజోవర్ స్విచ్ ఒక్కటే దారి.

వరద నీరు దిగాక

1986 ఆగస్టు వరదను చూసిన లంక గ్రామాలకు 2022 జూలైలో మళ్లీ అలాంటి భయమే ఎదురైంది. నీరు ఇంట్లోకి వస్తుందని తెలిసినప్పుడు మెయిన్‌తో పాటు ఇన్వర్టర్ బ్యాటరీ తీగలు కూడా విప్పేయాలి. ఈ సంగతి చాలామంది మరిచిపోతారు.

నీరు తీశాక గోడలు వారంలో ఆరినట్టు కనిపిస్తాయి. గోడ లోపలి పీవీసీ పైపుకు మాత్రం ఆరే దారి లేదు. వంపుల్లో నీరు నిలిచిపోతుంది, సాకెట్ లోపల సన్నటి ఒండ్రు పేరుకుంటుంది. ఆ ఒండ్రు ఎండినా, గాలిలోని తేమ పీల్చగానే ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య దారి ఏర్పడుతుంది. మునిగిన స్విచ్‌లు, సాకెట్లు, ఎంసీబీలు, ఆర్‌సీసీబీలను కడిగి ఆరబెట్టి మళ్లీ వాడడం పొదుపు అనిపించుకోదు. వాటి లోపలి స్ప్రింగులు, కాంటాక్టులు చెడిపోతాయి, అసలు సమయానికి పనిచేయవు. మార్చాల్సిందే. మంచి తీగలను మాత్రం పరీక్షించి నిలుపుకోవచ్చు. ఎలక్ట్రీషియన్ తీగల తోలు బలాన్ని పరీక్షించే మెగ్గర్‌తో 500 వోల్టుల డీసీ పెట్టి ఫేజు, న్యూట్రల్, ఎర్త్‌ల మధ్య నిరోధం కొలుస్తారు. ఒక మెగా ఓము (పది లక్షల ఓములు) కన్నా తక్కువ వస్తే ఆ సర్క్యూట్‌కు కరెంటు ఇవ్వకూడదు. మునిగిన జంక్షన్ బాక్సుల్లో టేపు చుట్టిన అతుకులన్నీ విప్పి కొత్తగా వేయాలి. తర్వాత ఒక్కో ఎంసీబీ చొప్పున ఎక్కిస్తూ పోవాలి.

మళ్లీ కట్టుకునేటప్పుడు చేయదగిన మార్పు ఒకటుంది. టీవీకి, ఫ్రిజ్‌కు నేలకు అడుగు ఎత్తున పెట్టే సాకెట్లే ముందు మునుగుతాయి. గోడ మీద వరద మరక ఎక్కడి దాకా ఉందో చూసి, వీలైతే వాటిని దానికి పైకి జరపాలి. వీలు కాకపోతే కింది సాకెట్లన్నిటికీ వేరే సర్క్యూట్, వేరే ఎంసీబీ పెట్టాలి. నీరు గడప దాటేలోగా వాటిని ఆపి, పై దీపాలను కాసేపైనా వాడుకోవచ్చు.

పాయింటు లెక్కలో పోయేది

పాత మండువా ఇళ్లలో చెక్క బద్దీల మీద నడిచిన వైరింగ్ దీపాలకూ ఫ్యానులకూ వేసింది. ఎర్త్ తీగ చాలాచోట్ల లేనే లేదు. ఏసీ, గీజరు వచ్చినప్పుడు అదే తీగ నుంచి కొత్త సాకెట్ లాగారు. ఇక కొత్త డాబాలకు సాకు లేదు. అయినా లోపాలు ఉండడానికి పని అప్పగించే తీరు ఒక కారణం. వైరింగ్ కూలి పాయింటుకు ఇంత అని మాట్లాడుకుంటారు. స్విచ్‌లు, సాకెట్లు ఎన్నో లెక్కపెట్టవచ్చు. తీగ మందం, ఎర్త్, లాగి చూసిన స్క్రూ లెక్కలోకి రావు. యజమాని మెరిసే మాడ్యులర్ ప్లేట్ల రంగు ఎంచుకోవడానికి ఎంతో సమయం పెడతారు. ప్లాస్టరింగ్‌కు ముందు పైపుల్లో ఏ తీగలు పోతున్నాయో చూసి ఫోను కెమెరాతో ఫొటోలు తీసుకునే యజమానులు తక్కువ. డబ్బు వెచ్చించాల్సింది, నిలబడి చూడాల్సింది ఆ దశలోనే.

పని అప్పగించుకునే ముందు

పని పూర్తయిందన్నాక ప్రతి సాకెట్‌లోనూ మల్టీమీటరుతో మూడు కొలతలు చూపించమనడం యజమాని హక్కు. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టుల చుట్టుపక్కల రావాలి. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య సున్నా లేదా కొద్ది వోల్టులు రావాలి. ఈ మూడోది ఎక్కడా మారకుండా కచ్చితంగా సున్నా చూపిస్తుంటే, ఎర్త్‌ను న్యూట్రల్‌కే కలిపేశారేమోనని ఆ సాకెట్ విప్పించాలి.

మల్టీమీటరు ఎంతో తక్కువ కరెంటుతో కొలుస్తుంది కాబట్టి తుప్పెక్కి ఒక్క పోగు మీద వేలాడే ఎర్త్ కూడా దానికి 230 వోల్టులు చూపించగలదు. అందుకే కొందరు ఎలక్ట్రీషియన్లు 100 వాట్ల బల్బును ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య కలిపి చూస్తారు. ఆర్‌సీసీబీ ఉంటే వెంటనే పడిపోవాలి. లేకపోతే బల్బు పూర్తి వెలుగుతో వెలగాలి. మసకగా వెలిగితే ఎర్త్ బలహీనంగా ఉన్నట్టే. ఆ పరీక్ష జరిగే కాసేపు ఇంట్లోని ఫ్రిజ్, మోటారు వంటి లోహపు వస్తువులన్నిటి మీదికీ వోల్టేజీ రావచ్చు. కాబట్టి ఎవరూ వాటిని తాకకుండా చూసుకుని, తెలిసినవారే చేయాలి. ఎర్త్ దారి నిరోధాన్ని నేరుగా కొలిచే ఎర్త్ లూపు టెస్టరు ఉన్నవారికి ఈ బల్బు అవసరమే ఉండదు.

ఆర్‌సీసీబీ మీద ‘టి’ అక్షరమున్న బొత్తాన్ని నెలకోసారి నొక్కాలి. నొక్కగానే పడకపోతే దాన్ని మార్చాలి. ఆ బొత్తం పరీక్షించేది ఆర్‌సీసీబీ లోపలి యంత్రాంగాన్నే. ఎర్త్ తీగ ఉందో లేదో దానికి తెలియదు. ఆ సంగతి పైన చెప్పిన పరీక్షలు చేసి, గుంత దగ్గర బోల్టు విప్పి చూస్తేనే తేలుతుంది.